ఎర్రగుర్రం బావి కాడ మోటర్ ఉరికిన రాత్రి

సైదాబాద్ దిక్కు పోయే పాత తొవ్వల ఎర్రగుర్రం బావి అని ఒకటుండె. ఇప్పుడు లేదు, దాని మీద ఇండ్లు లేసినయ్. బావి ముంగట తొవ్వ ఒక్కసారే కిందికి దిగుతుండె… దిగి, సక్కగ బావి ఒడ్డు దాంక పోయి, గాడ పక్కకు మలుగుతుండె. మలిగితె తొవ్వ. మలగకపోతె బావి.

దాని పేరెత్తితె మీసాలున్నోళ్లు గూడ ముడ్సుకుంటుండ్రి. పొద్దుగూకినంక గా దిగుడుకు మోటర్ వచ్చిందంటె — మోటర్ మాట ఇనదు. గుర్రం బెదిరినట్టు బెదిరి ఉరుకుతది. తోలేటోడు కాలు తీసినా ఉరుకుతది… దేవునికి మొక్కినా ఉరుకుతది… కిందికెల్లి ఎవలో తాడేసి గుంజినట్టు బావి దిక్కే పోతది.

ఎడ్లబండి పోతె ఏం గాదు. జట్కా పోతె ఏం గాదు. మనసొంటోళ్లు బర్లను కొట్టుకపోతె దయ్యం కన్నెత్తి గూడ చూడదు. మోటర్ మీదనే దాని కండ్లు. అండ్ల గూడ — ఖాళీ మోటర్‌ను ఏమనదు. ఎనుక సీట్ల దొర కూసోని ఉండాలె. అప్పుడే ఉరికిస్తది.

కొండల్… బిడ్డా, నేను, మీ నాయనమ్మను. ఫోన్ల మాట్లాడితె నీకు పోతదని నీ బిడ్డ బటన్ ఒత్తిచ్చింది. గిరాకీ లేనప్పుడు కారు పక్కకు ఆపి ఇను.

మీ తాత దినాల నాడు షామియానా కింద కూసోని మీ మేనమామ మల్లన్న చెప్పలె గీ కథ? మందు లోపటికి పోంగనే దయ్యాలు బయటికొస్తయ్ వానికి. బావిల ఒక దొర గుర్రం పడ్డదట. దాన్ని తియ్యపోయి గుర్రాలోడు గూడ మునిగి సచ్చిండట. దొర గుర్రం కోసం ఏడ్చిండు గని మనిషి కోసం ఏడ్వలేదట. గుర్రం పేరు మస్తానా అని గూడ చెప్పిండు మల్లన్న. మనిషి పేరేందిరా అని అడిగితె బొక్క చీక్కుంట కూసున్నడు. గా మనిషే దయ్యమై దొరల మోటర్లను గుంజుతుండట. మీ ముత్తాత సాయిలును గూడ గదే పట్టుకున్నదట… కాలు పట్టి గుంజిందట… సచ్చేదాంక ఆయన కాలు మీద గోర్ల మచ్చ ఉండెనట.

మంది నోర్లు తెరిచి ఇన్నరు. నువ్వు గూడ తలకాయ ఊపినవ్. గారె నమిలుకుంట ఊపినవ్.

మీ తాత ఓదెలు ఉంటె ఒక్క మాటతోని వాని నోరు మూయించేటోడు. ఆయన లేడు. ఆయన మంచం దిక్కు చూస్తె… సరే, మంచం సంగతి ఇప్పుడొద్దు. ఆయన లేడు గన్క నేను చెప్త.

సాయిలు అంటె నాకు మామ. మీ తాతకు బాపు. షాలిబండ దిక్కు ఒక రాజాసాబ్ దేవిడిల, పెద్ద బంగ్లల, బగ్గీ తోలుతుండె. గుర్రం చెవి కదిలిస్తె దాని మనసుల ఏముందో చెప్పేటోడట. గది నిజమే, ఆయనకు గుర్రాలు తెలుసు. మనుషులే తెల్వరు.

రెండో జర్మన్ లడాయి షురువైన దినాలల్ల రాజాసాబ్ మోటర్ కొన్నడు. నల్లగ, దున్నపోతు లెక్క ఉండెనట. మా మామను పిలిచి, రేపటికెల్లి గిది తోలు అన్నడు. నాకు రాదు మాలిక్ అంటె నవ్విండట. బగ్గీ తోలేటోనికి మోటర్ రాదా, దీనికి గడ్డి గూడ ఎయ్య పన్లేదు అన్నడట. దొరల అకల్ గంతనే.

మోటర్ అమ్మినోడు వచ్చి కొన్ని దినాలు నేర్పిండు. తాళం గిట్ల తిప్పితె లేస్తది, గట్ల తిప్పితె పంటది, గిది తొక్కితె ఉరుకుతది, గది తొక్కితె ఆగుతది. గంతే. ఉరికేది ఆగకపోతె ఏం చెయ్యాలె అన్నది మాత్రం నేర్పలె. గుర్రం బెదురుతది గని ఇనుము ఎందుకు బెదురుతది అనుకున్నరు.

మా అత్త కొమురమ్మ గా దేవిడిలనే పని. దొర్సాని విమలాదేవికి కాళ్లొత్తుడు, పాన్‌దాన్ పట్టుకొని ఎనుక తిరుగుడు. వాళ్లకు గుర్రాల కొట్టం ఎనుక ఒక అర్ర ఇచ్చిండ్రు. మీ తాత అప్పుడు పాలు తాగే పిల్లగాడు. ఆ అర్ర తప్ప వాళ్లకు తల పెట్ట జాగ లేదు. ఊర్లె భూమి లేదు, చుట్టాల దగ్గర మొకం లేదు.

ఒకనాడు దీపాల యాళ్లకు రాజాసాబ్‌ను ఎక్కించుకొని మామ గా దిగుడు దిగిండు. మోటర్ ఉరికింది. ఎట్లనో చక్రం మలిపి గడ్డివామిల దూర్చిండు. ఎవలికేం గాలె. రాజాసాబ్ పగ్డీ పోయి మోరిల పడ్డది, గదే పెద్ద నుక్సాన్.

తాగినవ్ అన్నడు రాజాసాబ్. తాగలె మాలిక్, దయ్యం అన్నడు మామ. తొవ్వల పోయేటోళ్లు గూడ దయ్యమే అన్నరు, ఇంతకు ముందు ఫలానా దేవిడి మోటర్ గూడ గీడనే ఉరికింది అన్నరు. రాజాసాబ్ మోరిలకెల్లి పగ్డీ తీపిచ్చుకొని ఒక్కటే మాట చెప్పిండు.

"దయ్యమో, కల్లో, నాకెందుకు. ఇంకోపారి ఉరికితె అర్ర ఖాళీ చెయ్యి. పెండ్లాన్ని పిల్లగాన్ని తీస్కొని ఏడికన్న పో."

గా రాత్రి సంది మామకు నిద్ర లేదు. మోటర్‌కు నిమ్మకాయలు కట్టిండు. దీపాల మధ్యల కుంకుమ పెట్టిండు. దాని ముంగట కోడిని కోసిండు. ఎవడు ఏం చెప్తె గది చేసిండు. ఒక్కపారి వంగి లోపట ఏమైందో మాత్రం చూడలె. దయ్యం ఉన్నప్పుడు వంగి చూసుడెందుకు? దయ్యం మస్తు ఆరాం, నడుం వంచే పని లేకుంట చేస్తది.

మాలిక్, చీకట్ల గా తొవ్వ వద్దు, సుట్టు తిరిగి పోదాం అని బతిమాలిండట. లడాయిల పెట్రోల్ దొరుకుత లేదు, సుట్టు ఎందుకు తిరుగుతం అన్నడు రాజాసాబ్.

తర్వాత కొన్నాళ్లకు సైదాబాద్ తోటల దొర్సాని తమ్మునింట్ల దావత్ అయింది. పొద్దుగూకినంక ఎల్లిండ్రు. ముంగట మామ ఒక్కడే. ఎనుక సీట్ల రాజాసాబ్, దొర్సాని. వాళ్ల కాళ్ల కాడ కింద మా అత్త, ఒళ్లె పాన్‌దాన్. డ్రైవర్ కన్ను దొర్సాని మీద పడొద్దని ముంగటికి ఎనుకకు నడుమ పర్దా గుంజి ఉండె.

ఇగ గీడికెల్లి మల్లన్న చెప్పినట్టే చెప్త. వాడు చెప్పే తీరు మంచిగుంటది, అబద్ధాలకు తీరు మంచిగనే ఉంటది.

దిగుడు మొదలైంది… గాలి లేదు… బావి మీది చింతచెట్టు కదుల్త లేదు. మోటర్ కొంచెం దూరం మెల్లగనే దిగింది. మామ కాలు తీసిండు.

మోటర్ గుర్రుమన్నది.

కాలు తీస్తె తగ్గాలె గదా… తగ్గలె. ఇంకింత గుర్రుమన్నది. ముంగటికి దునికింది. మామ ఎనుకకు ఒరిగిండు, రెండు కాళ్లు ముంగటికి బిగబట్టిండు, చక్రాన్ని గుండెకు గుంజుకున్నడు. సన్నగ ఒక్కటే మాట.

"హో… హో బేటా… హో…"

దీపాలు ఆరిపోయినయ్. చీకటి. చక్రాల కింద రాళ్లు ఎగురుతున్నయ్… ఎనుక రాజాసాబ్ ఏదో మంత్రం షురు చేసి మర్చిపోయిండు… మల్ల షురు చేసిండు… మల్ల మర్చిపోయిండు. ముంగట నల్లగ బావి. ఇగ మలగాలె… ఇగ మలగాలె… మోటర్ సక్కగనే పోతుంది.

అప్పుడు — సప్పుడు బందైంది.

ఎవలు ఆపలె. దానంతట గదే ఆగింది. పీక పిసికినట్టు ఆగింది. జర్ర జారుకుంట పోయి బావి ఒడ్డు రాయికి ఆనుకొని నిలబడ్డది. అంత నిమ్మలం. మామకు తన కాళ్ల కాడ ఏదో కదిలినట్టు అనిపిచ్చింది… చల్లని చెయ్యి… పిక్క పట్టుకొని గీకింది… మామ కండ్లు మూసుకున్నడు.

కిందికెల్లి, ఇనుము లోపటికెల్లి, గొంతొచ్చింది. ఆడ గొంతు గాదు, మొగ గొంతు గాదు.

"కాళ్లు… కాళ్లు కాలుతున్నయ్…"

రాజాసాబ్ లేని ధైర్యం తెచ్చుకొని అడిగిండు, ఎవరు నువ్వు, నీకేం కావాలె అని.

బావిల కప్ప గూడ ఒర్రలె. మల్ల గొంతు.

"జోడు…"

ఇస్త, ఎన్ని జోడ్లన్న ఇస్త, నన్ను ఇడిసిపెట్టు అన్నడు రాజాసాబ్.

"నాకు గాదు… తోలేటోనికి…"

దాని ఎంబడే బావిల ఏదో పడ్డ సప్పుడు. దయ్యం మల్ల నీళ్లల్లకు పోయింది.

తెల్లారి రాజాసాబ్ చెప్పులు కుట్టేటోన్ని దేవిడికి పిలిపిచ్చి మామ కాళ్లకు కొలత తీపిచ్చిండు. తోలు జోడు కుట్టిపిచ్చిండు. మోటర్ ఎక్కినప్పుడల్ల ఏసుకొనే ఎక్కు, దించినవంటె ఊకోను అన్నడు. గా మాట తక్కిన దేవిడీలకు పాకింది. ప్రతి దొర తన డ్రైవర్‌కు జోడు కుట్టిపిచ్చిండు. దయ్యం శాంతమైంది. ఇగ గా దిగుడుల ఏ మోటర్ ఉరకలె. ఇప్పటికి గూడ గా మలుపు కాడ గోడ పొంటి కొత్త చెప్పులు పెట్టి మొక్కిపోతరట మంది.

గిది మల్లన్న కథ. దండం పెట్టిండ్రు అందరు. అన్నం చల్లగైంది.

ఇగ నేను మా అత్త నోట ఇన్నది ఇను.

మామ పోయినంక, ఒక పగటీలి, బియ్యంల రాళ్లు ఏరుకుంట చెప్పింది నాకు. మీ తాతకు గూడ అప్పుడే తెలిసింది. నవ్వి నవ్వి ఆయనకు పొలమారింది, నీళ్లు తాపిన.

దేవిడిల ఖాయిదా ఏందంటె — దొర ముంగట నౌకరు కాళ్లకు చెప్పు ఉండొద్దు. బగ్గీ మీద గది నడిచింది, కాళ్ల కింద చెక్క ఉంటది. మోటర్‌ల కాళ్ల కింద ఇనుప రేకు. దాని కిందనే ఇంజన్ మంట. జరసేపు నడిస్తె పెంక లెక్క కాలుతది. మామ కాళ్లు బొబ్బలెక్కుతుండె. రోజు రాత్రి అత్త ఎన్న రాస్తుండె. మాలిక్, కాళ్లు కాలుతున్నయ్, చెప్పులేసుకుంట అని అడగొచ్చు గదా. అడిగితె నాలిక పెరిగిందంటరు. గందుకని ఏం చేసిండు? గోనె సంచి నాలుగు మడతలేసి కాళ్ల కింద పెట్టుకున్నడు. మామ ఒక్కడే గాదు, అన్ని దేవిడీల డ్రైవర్లు గట్లనే. ఒకడు సంచి, ఒకడు బొంత పేలిక. దొర లేనప్పుడు చెప్పులేసుకొని తోలుతరు, సంచి ఎనుక పడేస్తరు. దొర ఎక్కంగనే చెప్పులు దిగుతయ్, సంచి ముంగటికొస్తది.

చదును తొవ్వల సంచి కదలకుంట ఉంటది. నిట్టగ దిగే తొవ్వల…? ముంగటికి జారుతది. జారి పోయి ఎక్సలేటర్ మీద కుప్పవడి, దాన్ని కిందికి అదిమి పట్టినట్టు ఇరుకుతది. ఇగ కాలు తీసినా అది పైకి లెవ్వదు. గదే మీ దయ్యం. బర్లకు దాణా తెచ్చిన సంచి.

దాని మీద మామ చేసింది ఇంకొకటి. గుర్రం బెదిరితె బగ్గీ తోలేటోడు ఏం చేస్తడు? ఎనుకకు ఒరిగి, కాళ్లు ముంగటికి తన్నిపెట్టి, పగ్గాలు గుంజుతడు. మామ గదే చేసిండు. చక్రాన్ని గుంజుకుంట, రెండు కాళ్లతోని సంచిని తన్నిపెట్టిండు. ఎంత గుంజితె గంత తొక్కుతుండు. ఎంత తొక్కితె గది గంత ఉరుకుతుంది. గాబర్ల చేతికందిన బటన్లన్ని పీకిండు, దీపాలు ఆరినయ్. ఆరిపిచ్చింది దయ్యం గాదు, మా మామ.

నువ్వు కారు తోలుతవ్ గద, నీకు ఎరికే. మొన్న నన్ను దవఖానకు తీస్కపోయేటప్పుడు నువ్వే చెప్పినవ్ — గట్లయితె బ్రేక్ గట్టిగ ఒక్కటే తీరు తొక్కి పట్టాలె, గేర్ తీసెయ్యాలె, ఆగినంకనే తాళం తియ్యాలె, నడుస్తుండంగ తీస్తె ఇప్పటి బండ్ల చక్రం బిగుస్తది అని. గప్పటి మోటర్లకు బిగుసుడు గిగుసుడు లేదు. గని చెప్పేటోడు ఏడి? నీ అసొంటోడు ఒక్కడు ముంగట కూసుంటె కథే లేదు. గింత తెలిసినోనివి, నువ్వు తలకాయ ఊపినవ్.

అత్తకు మోటర్ గురించి ఏం తెల్వది. ఒక్కటి తెలుసు. రోజు మాపటీలి మామ మోటర్‌ను కొట్టం కాడ నిలబెట్టి దాన్ని గుర్రుగుర్రుమనిపిచ్చుకుంట తుడుస్తుంటె, పిల్లగాడు లేస్తుండె. లేచి ఏడుస్తుండె. అర్రలకెల్లి అత్త ఒర్లుతుండె, దాని నోరు ముయ్యవయా అని. మామ తాళం తిప్పుతుండె. నోరు మూస్తుండె.

గా రాత్రి అత్త పర్దా ఎత్తి ముంగటి సీటు మీదికెల్లి సగం పానం అవుతల పడేసి తాళం తిప్పింది. గంతే. రాజాసాబ్ చూడలేదా అంటవ్… రాజాసాబ్ తలకాయ అప్పుడు దొర్సాని కొంగు కింద ఉండె. దొర్సాని కండ్లు మూసుకొని ఆయన తలకాయను ఒత్తి పట్టుకున్నది. మంత్రం మొత్తం చీర లోపటికెల్లే వచ్చిందట.

మోటర్ ఆగినంక అత్త తల కిందికేసి మామ కాళ్లల్ల దేవులాడింది. ఏందో ఇరికింది, మొగని కాళ్లు దాని మీద కట్టెల లెక్క బిగుసుకొని ఉన్నయ్. పిక్క పట్టుకొని గుంజితె రాలె. గోర్లు గుచ్చి గుంజింది. సంచి బయటికొచ్చింది. అప్పుడు ఆమె చెయ్యి రేకు మీద పడ్డది. సుర్రుమన్నది. బొబ్బలకు ఎన్న రాసింది గని, గా రేకు మీద ఏనాడు ఆమె చెయ్యి పెట్టలె. గందుకే నోట్లకెల్లి గా మాటొచ్చింది — కాళ్లు కాలుతున్నయ్ అని. ఎవలికో చెప్పింది గాదు. తనలో తానే అనుకున్నది.

ఎనుకకెల్లి రాజాసాబ్, నీకేం కావాలె అని అడిగిండు.

"బిడ్డా, పుట్టి బుద్ధెరిగిన సంది గా మనిషి మమ్మల్ని గా మాట అడగలె" అన్నది అత్త నాతోని. "అడిగిండు గదా అని చెప్పిన."

తలకాయ కిందికి, కాళ్లు మీదికి, నోరు రేకు కాడ. గొంతు మారదా మరి. చెప్పి, సంచిని కిటికీలకెల్లి బావిల పారేసి, ఎనుకకు జారి, దొర్సాని కాళ్లు ఒళ్లె పెట్టుకొని ఒత్తుకుంట కూసున్నది. రాజాసాబ్ కొంగులకెల్లి తల తీసేసరికి కొమురమ్మ కాళ్లొత్తుతుంది. దయ్యాన్ని చూసినవా అని అడిగిండట ఆమెను. కండ్లు మూసుకున్న దొరా అన్నది.

అర్ర పోలె. మోటర్ ఉరికిచ్చింది దయ్యమే అని రాజాసాబ్ చెవులతోని ఇన్నడు గదా, ఇగ ఎవలిని ఎల్లగొడ్తడు?

మామకు తెల్వది. కట్టుకున్న పెండ్లాం గొంతు గుర్తువట్టలె ఆయన. చెప్దామంటె కల్లు దుకాణంల నోరు జారుతడు, మాట దేవిడికి పోతది, అర్ర పోతది. ఇయ్యాల చెప్దాం, రేపు చెప్దాం అని అత్త ఊకున్నది. దొరలు పోయిండ్రు, దేవిడి అమ్ముడువోయింది, అర్ర గూడ పోయింది, అయినా చెప్పలె. గోర్ల మచ్చ చూపిచ్చి వాడకట్టు పిల్లలకు కథ చెప్తుండెనట మామ. అత్త గాడనే కూసోని మొకం పక్కకు తిప్పుకుంటుండె.

పానం మీదికొచ్చినప్పుడు మామ అత్తను దగ్గరికి పిలిచిండు. మాట సన్నగైంది. చెవి దగ్గర పెట్టింది.

"అందరు దయ్యం అంటరు గని… నా కాళ్ల గురించి అడిగింది గా బావిలున్నదొక్కటే. నేను పోయినంక పోయి ఒక కొబ్బరికాయ కొట్టి రా కొమురూ."

పోత అన్నది అత్త.

దినాలైనంక కొంగుల కొబ్బరికాయ కట్టుకొని నడుసుకుంట ఎర్రగుర్రం బావి కాడికి పోయింది. ఒడ్డు రాయికి కొట్టింది. నీళ్లు తాగింది. గాడనే కూసోని, రెండు చెక్కలు, పెంకు లోపట తెల్లగ ఏం మిగలకుంట, పొద్దుగూకేదాంక ఒక్కతే నమిలి తిన్నది.